నల్లబల్ల మూలన గడి

మా బడిలో మూడో తరగతి టీచరుకి పిల్లలు పెట్టిన పేరు చిటపట. ఆవిడ వినకుండా మేమూ ఆ పేరే వాడేవాళ్ళం. ఎదుట మాత్రం నేను అక్కా అనేదాన్ని. నాది పక్కగది, నాలుగో తరగతి. రెండు గదుల మధ్య గోడ పైకప్పు దాకా లేదు. ఎవడో కాంట్రాక్టరు సగంలో వదిలేసి పోయాడు, ఆ తర్వాత దాని ఊసెత్తినవాడు లేడు. దాంతో ఆవిడ గొంతు రోజంతా నా నెత్తిమీదుగా వచ్చి పడేది. ఆవిడ ఎలాంటి టీచరో నన్నడగండి. పెద్దసారుని అడక్కండి. ఆయన సంగతి ముందుముందు వస్తుంది, వచ్చాక నా నోరు ఎలాగూ ఆగదు.

ఆవిడకి ముక్కుమీదే కోపం, అది నిజమే. పంపులో నీళ్ళు రాకపోతే కోపం, సుద్దముక్క విరిగితే కోపం, బస్సు స్టాపు దాటించి ఆపితే డ్రైవరుకి ఆ పూట మూడినట్టే. ఇంట్లో బావగారు ఉలకని పలకని మనిషి. కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీస్తారు. అత్తగారికి చెవుడు. "మా ఇంట్లో అరవగలిగింది నేనొక్కదాన్నే, అందుకే అందరి వంతూ నేనే అరుస్తాను" అని నవ్వేది. నవ్వడంలో కూడా సగం అరుపే ఉండేది.

ఎనిమిదేళ్ళ పిల్లలకి పాఠం చెప్పడమంటే ఏమిటో చెప్పినవాళ్ళకే తెలుస్తుంది. ఒకడు బెంచీ మీద పెన్సిలుతో సరిహద్దు గీసి, పక్కవాడి మోచెయ్యి గీత దాటిందని పంచాయితీకి వస్తాడు. ఒకతి ఊడిన పన్ను కాగితంలో చుట్టి తెచ్చి, ఇంటికెళ్ళే దాకా దాచమని చేతిలో పెడుతుంది. చెత్తబుట్ట దగ్గర నిలబడి పెన్సిలు చెక్కుకోవడం వాళ్ళకి షికారు. ఒకడు లేచాడంటే సగం క్లాసుకి పెన్సిలు ముక్కులు విరుగుతాయి. ఎక్కాలు చెప్పిస్తుంటే ఒకడు చెయ్యెత్తి, చీమ చచ్చిపోతే వాళ్ళమ్మ ఏడుస్తుందా టీచర్ అంటాడు. ఇంకొకతి ఆ మాటకి నిజంగానే ఏడుస్తుంది. సాయంత్రానికి తలప్రాణం తోకకొస్తుంది.

అక్క వీటన్నిటికీ అరిచేది. సరిహద్దు గీసినవాడి చేత బెంచీ అంతా తుడిపించేది, చాడీలు చెప్పేవాళ్ళని గుమ్మం దగ్గరే ఆపేసేది. కానీ జవాబు తప్పు చెప్పిన పిల్లమీద ఆవిడ గొంతు పెంచడం నేను వినలేదు. ఆ గోడమీదుగా చీమ చిటుక్కుమన్నా నాకు వినిపిస్తుంది, అయినా వినలేదు. ఒకసారి టిఫిన్ డబ్బాలు తెరుచుకుని కూర్చున్నప్పుడు అడిగితే చెప్పింది. రెండో తరగతి పిల్ల తప్పయినా ఒప్పయినా గట్టిగా అరిచి చెప్తుందట. నాలుగో తరగతికి వచ్చేసరికి అదే పిల్ల నోరు తెరిచేముందు అటూ ఇటూ చూస్తుందట. సిగ్గు మొలిచేది ఆ రెంటి మధ్యనే, నా క్లాసులోనే, అంది. "అది మొలిచినప్పుడు పక్కన ఎవరో ఒకరు ఉండాలే. లేకపోతే చదువుని మింగేస్తుంది."

అందుకని ఆవిడ ఒక పద్ధతి పెట్టింది. నల్లబల్ల ఎడమ మూలన సుద్దతో ఒక గడి గీసేది. ఆ రోజు పలకల మీద కనబడ్డ తప్పుల్లో ఒక మంచి తప్పుని ఏరి, పేరు లేకుండా ఆ గడిలో ఎక్కించేది. సాయంత్రం దాకా అది అక్కడే ఉండేది. ఆఖరి పీరియడులో పిల్లలంతా దాని చుట్టూ మూగి, ఈ లెక్క చేసినవాళ్ళు ఏమనుకుని ఇలా చేసి ఉంటారు, దారి ఎక్కడ తప్పింది అని వెతికేవాళ్ళు. చేసినవాళ్ళు ఇష్టమైతే నాదే అని చెప్పొచ్చు, లేకపోతే లేదు. ఎవరిదైనా సరే, గడిలో తప్పు గడి దాటకూడదు. అదొక్కటే నియమం. ఆ గడికెక్కడానికి పిల్లలు పోటీలు పడేవాళ్ళు. ఒక గడుగ్గాయి రెండూ రెండూ తొమ్మిదని రాసుకొచ్చి చూపిస్తే, ఇది తప్పు కాదురా, దొంగవేషం, పో అని తరిమేసింది.

ఆ పిల్లలు మరుసటేడు నా దగ్గరికి వచ్చేవాళ్ళు. మిగతా బళ్ళనుంచి వచ్చిన పిల్లలు లెక్క చేస్తూ పలకకి చెయ్యి అడ్డం పెట్టుకునేవాళ్ళు. అక్క పిల్లలు పలక పట్టుకుని తిన్నగా నా దగ్గరికొచ్చి, టీచర్ నాకిక్కడ ఎందుకో తప్పుతోంది, చూడండి అనేవాళ్ళు. నాకు సగం పని తగ్గేది. ఈ గడి సంగతి పెద్దసారుకి తెలీదా అంటే, బాగా తెలుసు. బయటినుంచి ఎవరైనా పెద్దమనుషులు వస్తే కిటికీ దగ్గర నిలబెట్టి మరీ చూపించేవాడు. ఇది మా బడి పద్ధతండీ అని చెప్పుకునేవాడు. నా చెవులారా విన్నాను.

ఇక ఆ పిల్ల సంగతి. చొక్కాకి ఎప్పుడూ ఒక బొత్తాం ఊడి ఉండేది, అందుకని దాన్ని బొత్తాం అని పిలిచేవాళ్ళు. గట్టిగా మాట్లాడితే ఎక్కడ విరిగిపోతుందో అన్నట్టు ఉండేది. వాళ్ళ నాన్న డ్రైవింగ్ స్కూలు నడుపుతాడు. కారు వెనక పెద్ద ఎర్ర అక్షరం అంటించుకుని, గేరు మార్చడం రానివాళ్ళ పక్కన పొద్దస్తమానం కూర్చుని ఓర్చుకునే మనిషి. ఆ ఓర్పంతా అక్కడే అయిపోతుంది కాబోలు.

ఆ రోజు గడికెక్కింది బొత్తాం చేసిన తీసివేత. నాలుగువందల రెండులోంచి నూట డెబ్బై ఎనిమిది తీసేస్తే మూడువందల డెబ్బై ఆరు వచ్చింది దానికి. క్లాసంతా ఎంత వెతికినా దారి ఎక్కడ తప్పిందో దొరకలేదు. అప్పుడు బొత్తాం నెమ్మదిగా లేచి, అక్క బల్ల దగ్గరికి వెళ్ళి, చెవిలో చెప్పిందట. రెండులోంచి ఎనిమిది పోదు కాబట్టి ఎనిమిదిలోంచి రెండు తీసింది. సున్నాలోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచి సున్నా తీసింది. పైన ఉంటేనేం, కింద ఉంటేనేం, చిన్నదాంట్లోంచి పెద్దది పోదని మీరే చెప్పారు కదా టీచర్ అందట. అక్క నవ్విన నవ్వు గోడమీదుగా వచ్చి నా క్లాసు పాఠం ఆపేసింది. "నేను చెప్పిందే చేసింది ఈ తల్లి! నా తప్పే మొలకెత్తి నా ముందుకొచ్చింది" అని తర్వాత నాతో అంది. ఆ తప్పు ఎవరిదో పిల్లలకి మాత్రం చెప్పలేదు.

అదే సాయంత్రం పిల్లలు వరసల్లో నిలబడుతుంటే బొత్తాం వాళ్ళ నాన్న గుమ్మంలోకి వచ్చాడు. నల్లబల్ల ఇంకా తుడవలేదు. ఆయన ఫోను తీసి ఫోటో కొట్టుకున్నాడు. కూతురిని తీస్తున్నాడేమో అనుకుని అక్క పక్కకి జరిగింది కూడా.

నేను ఇంటికెళ్ళేసరికి ఆ ఫోటో తల్లిదండ్రుల గ్రూపులో ఉంది. కింద రాసిన మాట ఇదీ: మూడో తరగతి టీచరుకి తీసివేతలు రావు, మన పిల్లల గతేంటి? ఇంకేముంది, తలా ఒక రాయి వేశారు. ఒకాయన ఆవిడ సర్టిఫికెట్లు బయటపెట్టమన్నాడు. ఒకావిడ నవ్వే బొమ్మలు పంపింది. కొందరు పిల్లలు ఇంట్లో గడి సంగతి చెప్పారట. అవన్నీ టీచరు నూరిపోసిన మాటలని కొట్టిపారేశారు. చదువుతుంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ గుంపులో ఒక్కళ్ళయినా, రేపు వెళ్ళి టీచర్ని అడుగుదాం అన్న పాపాన పోలేదు.

మర్నాడు బెల్లు కొట్టకముందే బొత్తాం వచ్చింది. నేను అక్క గదిలోనే ఉన్నాను. నన్ను చూసి కాసేపు తటపటాయించి, అక్క చెయ్యి పట్టుకుంది.

"మా నాన్నకి చెప్పకండి టీచర్. ఆ లెక్క చేసినవాళ్ళు గాడిదలన్నాడు. అమ్మ నవ్వింది. నేను కూడా నవ్వాను."

అక్క మొహం చూడలేకపోయాను. చెప్పనమ్మా, గడి దాటదు అని దాని తల నిమిరి పంపించింది. పిల్ల వెళ్ళగానే నా వైపు తిరిగి, నువ్వూ నోరు విప్పితే చూడు, అంది. సరే అన్నాను. అన్న పాపానికి ఇవాళ్టికీ అనుభవిస్తున్నాను.

పెద్దసారు పిలిపించాడు. నేనూ వెంట వెళ్ళాను, వెళ్ళమని ఎవరూ అనకపోయినా. ఆయన గొంతు తేనెలో ముంచి మాట్లాడాడు. ఏ పిల్ల చేసిందో పేరు చెప్పమ్మా, ఆ పిల్లని పిలిచి సాయంత్రం తల్లిదండ్రుల మీటింగులో ఒప్పిద్దాం, రెండు నిమిషాల పని అన్నాడు. అక్క కుదరదంది. పోనీ గడి సంగతి మీరే చెప్పండి సార్, మీకు తెలిసిందే కదా అంటే నీళ్ళు నమిలాడు. అడ్మిషన్ల కాలం, ఇప్పుడు ఏం చెప్పినా కప్పిపుచ్చుతున్నామంటారు, ఎవరిదో చెప్పమని పట్టుబడతారు అన్నాడు. ఆ చివరిమాట మాత్రం నిజమే. పిల్లల్లో ఒకరిదని చెప్తే చాలు, ఆ రాత్రికి ప్రతి ఇంట్లోనూ నువ్వేనా నువ్వేనా అని అడుగుతారు. బొత్తానికి అబద్ధమాడటం రాదు. అడగకముందే దాని మొహం చెప్పేస్తుంది. అక్క అది ఆలోచించే నోరు కట్టేసుకుంది. కానీ ఈయన? పేరు చెప్పక్కర్లేదు, ఈ టీచర్ని నేనెరుగుదును అని ఒక్క మాట అంటే ఆయన సొమ్మేం పోయింది?

సాయంత్రం మూడో తరగతి గదిలోనే మీటింగు. పెద్దలంతా పిల్లల బెంచీల్లో ఇరుక్కుని, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చున్నారు. వేరే రోజయితే చూసి నవ్వుకునేదాన్ని. పిల్లలు వరండాలో కిటికీ ఊచలు పట్టుకుని వేలాడుతున్నారు. బొత్తాం మాత్రం వాళ్ళ నాన్న పక్కనే ఉంది. ఆయన దాని భుజం మీద చెయ్యి వేసి కూర్చున్నాడు.

పెద్దసారు ఏం చేశాడనుకున్నారు? సుద్దముక్క తీసి అక్క చేతికిచ్చి, వీళ్ళ తృప్తికోసం ఒక తీసివేత చేసి చూపించమ్మా అన్నాడు. ఇన్నేళ్ళుగా పాఠాలు చెప్పిన మనిషిని, ఆవిడ క్లాసులోనే, ఆవిడ పిల్లలు చూస్తుండగా! అక్క మాత్రం నల్లబల్ల వైపు తిరిగి ఆ లెక్కే చేసింది. సుద్ద రెండుసార్లు విరిగింది. జవాబు సరిగ్గానే వచ్చింది, రాక ఎక్కడికి పోతుంది?

అప్పుడు డ్రైవింగ్ స్కూలాయన లేచాడు. ఇవాళ వచ్చిన లెక్క నిన్నెందుకు రాలేదు, మరి ఆ తప్పు ఎవరిది అని అడిగాడు. కోపంగా కాదు, గెలిచినవాడి నిదానంతో అడిగాడు. బొత్తాం చెప్పులకేసి చూసుకుంటోంది.

"ఆ తప్పు నాదే" అంది అక్క.

నేను లేచాను. లేచానే కానీ, ఆవిడ చూసిన చూపుకి మళ్ళీ కూలబడ్డాను. బెంచీల్లో గుసగుసలు మొదలయ్యాయి. పెద్దసారు మొహంలో వెలుగు చూడాలి, కొండంత బరువు దిగినట్టు. చూశారా, ఒప్పుకున్నారు, మా బడిలో దాపరికాలుండవు, వెంటనే చర్య తీసుకుంటాం అన్నాడు. రేపట్నుంచి ఆవిడ నర్సరీ పిల్లల్ని చూసుకుంటుందని అక్కడికక్కడే తేల్చేశాడు. వాళ్ళెవరూ అంత అడగనైనా లేదు. ఈయనే ముందుగా నైవేద్యం పెట్టేశాడు.

అందరూ వెళ్ళాక వరండాలో అక్క ఆయన్ని ఆపింది. ఆ రోజంతా దాచుకున్న గొంతు అప్పుడు బయటికొచ్చింది.

"కిటికీలోంచి అతిథులకి చూపించినప్పుడు మీ బడి పద్ధతి. ఇవాళ నా తప్పు. అంతేగా సార్?"

ఆయన పిల్లల భవిష్యత్తు అంటూ ఏదో గొణిగి, తాళంచెవులు వెతుక్కుంటూ మెట్లు దిగిపోయాడు. సిగ్గూ శరం ఉన్న మనిషయితే అక్కడే కుంగిపోయేవాడు. మర్నాడు ఆయన షర్టు మడత కూడా చెదరకుండా వచ్చాడు.

ఆ వారంలో ఒకరోజు బావగారు నాకు ఫోను చేశారు. ఆయన నాకు ఫోను చేయడం అదే మొదలు. మీ అక్క ఇంట్లో అరవడంలేదమ్మా, ఒంట్లో బాగాలేదేమో అన్నారు. చెవిటి అత్తగారు కూడా పట్టేసిందట, ఇల్లు ఎందుకో బోసిగా ఉందే అని. పెద్దసారు మీద ఉన్న తిట్లన్నీ బావగారికి వినిపించాను. ఆయన చివరిదాకా విని, ఊఁ అని పెట్టేశారు.

అక్క నర్సరీలో పడింది. బూట్ల తాళ్ళు కట్టడం, ముక్కులు తుడవడం, ఏడ్చేవాళ్ళని ఎత్తుకోవడం. ఎలా ఉంది అంటే, బానే ఉందే, కోపం రావడంలేదు అంది. ఆ మాటకే నాకు కోపమొచ్చింది.

మూడో తరగతిని తెచ్చి నాకే అంటగట్టారు, నా నాలుగుతో కలిపి. నాకూ పంతమొచ్చింది. మొదటిరోజే బల్ల మూలన గడి గీశాను. పిల్లలు దానికేసి చూశారు, వెంటనే తలలు దించేసుకున్నారు. లెక్క ఇచ్చాను. పలకలకి మోచేతులు అడ్డం పడ్డాయి. రెండో రోజు మోచేతులు కూడా లేవు, పలకలు ఖాళీగా ఉన్నాయి. రెండూ రెండూ తొమ్మిదని వేషాలేసిన గడుగ్గాయి కూడా పలక బోర్లించి కూర్చున్నాడు. బొత్తాన్ని ఏదడిగినా ఒకటే మాట, తెలీదు టీచర్. ఎక్కం చెప్పమంటే తెలీదు. చదివిన పాఠంలో కుక్క రంగేమిటంటే తెలీదు. బొమ్మ ఎదురుగానే ఉంది! ఒకరోజు విసిగిపోయి, నీ పేరైనా తెలుసా అని అరిచాను కూడా. అది నా మొహంలోకి చూసింది.

తల్లిదండ్రులకి మాత్రం మహదానందంగా ఉంది. క్లాసు ఎంత నిశ్శబ్దంగా ఉందో, ఇప్పుడు గాడిలో పడిందండీ అని పెద్దసారుని పొగిడివెళ్ళారు. ఆయన ఆ పొగడ్తలు నాకు మోసుకొచ్చి ఇచ్చాడు.

నెల తిరక్కుండా డ్రైవింగ్ స్కూలాయన వచ్చాడు. సాయంత్రం, పిల్లలంతా వెళ్ళిపోయాక. బొత్తాం నా పక్కనే నిలబడి సంచీ సర్దుకుంటోంది. ఆయన ఈసారి నెమ్మదిగానే మాట్లాడాడు. ఇంట్లో ఏదడిగినా తెలీదంటోందండీ, మొన్న దాని సొంత వయసు అడిగినా తెలీదంది, డాక్టరు దగ్గరికి తీసికెళ్ళమంటారా అన్నాడు. గొంతులో నిజమైన బెంగ ఉంది. దుర్మార్గుడయితే తిట్టి పంపేదాన్ని. కూతురంటే ప్రాణం పెట్టే మనిషి, అదే నా కర్మ.

నేను వంగి బొత్తాన్ని అడిగాను. ఎందుకే అలా అంటున్నావు, నీకన్నీ వచ్చు కదా అన్నాను. అది సంచీ జిప్పు అటూ ఇటూ లాగింది. తర్వాత చేత్తో నా వేలు పట్టుకుని, వాళ్ళ నాన్నకి వినపడేలాగే చెప్పింది.

"తప్పు చేస్తే టీచర్నే పంపించేశారు కదా."

ఏడాది పొడుగునా అక్క నేర్పిందంతా ఆ ఒక్క సాయంత్రంతో తుడిచిపెట్టుకుపోయింది. తప్పు చేస్తే ఏమవుతుందో ఆ పిల్లలు కిటికీ ఊచలు పట్టుకుని మరీ చూశారు. లోపల వాళ్ళ నాన్న పక్కనున్న ఒకతి, ఆ తప్పు ఎవరిదో తెలిసి మరీ చూసింది. నాకు పెద్దసారుని ఈడ్చుకొచ్చి ఆ బెంచీలో కుదెయ్యాలనిపించింది. ఎదురుగా ఉన్న ఈయన్ని పట్టుకుని, నీ కూతురయ్యా, నువ్వు గాడిదన్నది నీ కూతుర్నే అని ఆ గది దద్దరిల్లేలా అరవాలనిపించింది. మాట నాలుక చివరికి వచ్చింది. చిన్న వేళ్ళు నా వేలిని నొక్కుతున్నాయి, ఎముక నొప్పి పుట్టేంత గట్టిగా.

ఆయన నవ్వేశాడు. బెంగ తీరినవాడిలా మోకాళ్ళమీద కూర్చుని, ఊడిన బొత్తాం దగ్గర చొక్కా సర్ది, దాని గడ్డం పట్టుకున్నాడు.

"పిచ్చి తల్లీ, తప్పు చేసింది ఆవిడ. నువ్వెందుకమ్మా భయపడటం?"

బొత్తాం నా వేలు వదల్లేదు. నేను అక్కకిచ్చిన మాట దాటలేదు. ఆయన మా ఇద్దరి మొహాలకేసి మార్చి మార్చి చూస్తూ అలాగే కూర్చున్నాడు.